ఏడో నంబరు మజ్జ

యజ్ఞనారాయణ చేతిలో గుప్‌చుప్ ఉండగానే చనిపోయాడు.

భిలాయి సెక్టర్ 2 మార్కెట్లో సాయంత్రం పానీపూరీ బండి చుట్టూ జనం మూగి ఉన్నారు. ఎవరో ఒకావిడ వెనకనుంచి "సారీ భయ్యా" అంటూ రాసుకుపోయింది. మెడ మీద చీమ కుట్టినట్టయితే తడుముకున్నాడు. చింతపండు నీళ్ళు కారుతున్న పూరీని నోటిదాకా తెచ్చి, అక్కడే ఆగి, బండి మీదకి ఒరిగిపోయాడు. బండివాడు ముందు తన కుండ పడిపోకుండా పట్టుకున్నాడు. తరవాత మనిషిని పట్టుకున్నాడు.

గుండెపోటన్నారు డాక్టర్లు. యాభై దాటిన మనిషి, ఒంటరిగా హోటల్ తిండి తినేవాడు కాబట్టి ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన ఒక చిన్న బ్లడ్ ల్యాబ్‌లో టెక్నీషియనని వీధంతటికీ తెలుసు. ఢిల్లీలో పేరులేని ఒక ఆఫీసుకి ఏజెంటని మాత్రం ఎవరికీ తెలీదు. ఆ ఆఫీసుకి ఆయన పంపిన ఆఖరి మెసేజ్ పొట్టిగా ఉంది: "ఏడో నంబరు. బుధవారం. కుమ్హారి."

"కూర్చో రోహిణీ," అన్నాడు చీఫ్ శశిధర్. టీ తనకొక్కడికే తెప్పించుకున్నాడు.

రోహిణి కూర్చుంది. నలభై ఆరేళ్ళు. మోకాళ్ళలో నొప్పి మొదలైంది. ఆ సంగతి ఫిట్‌నెస్ ఫైల్లో లేదు.

"గామా రేడియోగ్రఫీ అంటే తెలుసా?"

"ఎక్స్‌రే లాంటిది సార్. వెల్డింగ్‌లో లోపలి పగుళ్ళు చూస్తారు. మా నాన్న భిలాయి స్టీలు ప్లాంటులోనే చేశారు."

"అందుకే నిన్ను పిలిచాను. విను. ఒక విదేశీ ముఠా. పైకి వెల్డింగ్ టెస్టింగ్ కంపెనీ. ఊరవతల షెడ్డు. కాంట్రాక్టు మనుషుల్ని కావాలనే రేడియేషన్‌కి గురిచేస్తున్నారు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. ప్రతిసారీ ఒక మాత్ర మింగిస్తారు. బలానికని చెప్తారు. తరవాత రక్తం తీసి చూస్తారు, మజ్జలో మూలకణాలు కోలుకున్నాయా లేదా అని."

"కోలుకుంటే?"

"ఆ మందున్న సైన్యం అణు రేడియేషన్ ఉన్నచోటికి పంపిన సిపాయినే మళ్ళీ మళ్ళీ పంపొచ్చు. కొత్త సిపాయి అక్కర్లేదు." చీఫ్ కప్పు కింద పెట్టాడు. "వాళ్ళకి కావలసిన రుజువు ఏడో నంబరు మనిషి. ఒక లిక్విడ్ నైట్రోజన్ ఫ్లాస్కులో రెండు స్టీలు డబ్బాలున్నాయి. మొదటిది, అతను రేడియేషన్ ముఖం చూడకముందు తీసిన మూలకణాలు. రెండోది, ఐదోసారి తరవాత తీసినవి. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మందు పనిచేసినట్టే. ఆ ఫ్లాస్కు బుధవారం బయల్దేరుతుంది. దేశం దాటకూడదు."

"పట్టుకోమంటారా?"

"పట్టుకో. కుదరకపోతే పగలగొట్టు. చలి పోతే కణాలు చచ్చిపోతాయి."

"ఆ మనిషి సంగతి?"

"ఏ మనిషి?"

"ఏడో నంబరు."

చీఫ్ ఫైలు తిరగేశాడు. "అతను మన మాండేట్‌లో లేడు."

స్టోర్స్ వాళ్ళు రోహిణికి మూడు వస్తువులిచ్చారు. సూది దాచిన గాజు. చీఫ్ గొంతు వినిపించే చెవిదిద్దు. ట్రాన్స్‌మిటర్ ఉన్న నల్లపూసల గొలుసు. తన సొంత నల్లపూసల్ని రోహిణి విడాకుల కాగితం మీద సంతకం పెట్టిన రోజే తీసి బీరువాలో పడేసింది. ఇప్పుడు ప్రభుత్వం ఇంకోటి కట్టబెట్టి, రసీదు మీద సంతకం తీసుకుంది.

*

ఏడో నంబరు అసలు పేరు రాజాబాబు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ప్లాంటులో పర్మనెంటుగా చేసి పోయాడు. కొడుకులకి ప్లాంటు బయట ఠేకేదార్ల, అంటే కాంట్రాక్టర్ల, కింద పని దొరికింది. తండ్రి లీజుకి తీసుకున్న క్వార్టర్లో రాజాబాబు, భార్య సత్యలక్ష్మి, తమ్ముడు రాజేంద్ర ఉంటున్నారు. పక్క వాటాలో రోహిణి దిగింది. వీధికి చెప్పిన పేరు మీనాక్షి. భర్త రూర్కేలా నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వస్తాడు, సామాను వెనక వస్తుంది.

ముఠాలో ఢిల్లీకి ఒక మనిషి ఉంది. డాక్టర్ లక్ష్మీప్రసన్న, రక్తవ్యాధుల నిపుణురాలు. ముఠా దగ్గర జీతం, మన దగ్గర ఇంకో జీతం. ఆవిడ శుక్రవారం చీకటిపడే వేళకి వచ్చి కోడ్ చెప్పాలని ఏర్పాటు.

రోహిణి గుమ్మంలో కూర్చుని సత్యలక్ష్మితో కలిసి లాల్‌భాజీ అనే ఎర్ర తోటకూర బాగుచేస్తోంది. లోపల దేవుడి దగ్గర దీపం వెలుగుతోంది. గేటు దగ్గర తెల్ల కారు ఆగింది. చలవకళ్ళద్దాలు తలమీదకి తోసుకుంటూ ఒకావిడ దిగింది. గాలికి కదిలే షిఫాన్ చీర, వీధి చివరిదాకా పాకే సెంటు.

"అండీ, కొంచెం పెరుగు తోడు ఉందా? మా ఇంట్లో పాలు విరిగిపోయాయి."

"మజ్జిగే మిగిలింది. పరవాలేదా?" రోహిణి జవాబు కోడ్ చెప్పింది.

సత్యలక్ష్మి చేతిలో కాడ చేతిలోనే ఉండిపోయింది. "దీపాలెట్టీసేక తోడడగడమేటమ్మా? అందులోనూ శుక్కురోరం! మీ ఇంట్లో పెద్దోళ్ళెవరూ నేరేటి?" రోహిణి వైపు తిరిగింది. "నువ్వేటక్కా, ఇచ్చెత్తానంటన్నావు?"

ఢిల్లీలో ఆ కోడ్ రాసినవాడికి పెరుగు ఫ్రిజ్‌లో పుడుతుందని నమ్మకం కాబోలు. సంధ్యవేళ తోడు ఇస్తే ఇంటి లక్ష్మి గడప దాటుతుందని నమ్మే వీధిలో, ఆ మాట కంటే తుపాకీ పేల్చడం నయం.

"పాపం, హైదరాబాదు పిల్ల. తెలీదు," అని సర్దింది రోహిణి.

"ఐదరాబాదోళ్ళు పేకెట్టు పెరుగు తింతారు. ఆళ్ళకి తోడెందుకు?" సత్యలక్ష్మి ఆకు చాట ఎత్తుకుని లోపలికి పోయింది. పోతూ పోతూ చీర కుచ్చిళ్ళ దగ్గర్నుంచి జడదాకా ఆవిణ్ణి ఒకసారి చూసింది.

తలుపు వేశాక ప్రసన్న నవ్వింది. "ఆవిడ తెలీకుండానే సరైన మాట అంది. మజ్జలో మూలకణాలు తోడు లాంటివే."

"అర్థమయ్యేలా చెప్పండి."

"ఒంట్లో తిరిగే రక్తం రోజూ తినేసే పెరుగు. మూలకణాలు అడుగున ఉంచుకునే తోడు. చాలాభాగం నిద్రపోతూ ఉంటాయి. రేడియేషన్ పడితే పై పెరుగంతా పోతుంది. నిద్రలో ఉన్నవి లేచి గిన్నె నింపుతాయి. నింపి మళ్ళీ పడుకోవాలి."

"మళ్ళీ రేడియేషన్ పడితే?"

"మళ్ళీ లేస్తాయి. ఈసారి కొన్ని పడుకోవు. కొన్ని అలిసి చచ్చిపోతాయి. కొన్ని పాడైపోయి కూడా పనిచేస్తూనే ఉంటాయి. నలుగురి పని ఇద్దరు చేస్తున్న ఇల్లనుకోండి. పైకి గిన్నె నిండుగానే కనిపిస్తుంది. రక్తం లెక్క చూసి కోలుకున్నాడంటారు. అడుగున తోడు తరిగిపోతున్న సంగతి ఎవరూ చూడరు. ఒకరోజు పాలు పాలుగానే ఉండిపోతాయి."

"ఆ మాత్ర ఏం చేస్తుంది?"

"నిద్రపోతున్నవాటన్నిటినీ ఒకేసారి తట్టి లేపుతుంది. రక్తం లెక్క తొందరగా పెరుగుతుంది. మిగతావాళ్ళలో ఐదోసారికి అడుగున ఏమీ మిగల్లేదు."

"అంటే?"

"ముగ్గురు పోయారు." కాఫీలో చక్కెర తక్కువైందన్నట్టు చెప్పింది ప్రసన్న. "ఏడో నంబరు ఒక్కడే నిలబడ్డాడు. ఐదుసార్లు పడ్డాడు, ఐదుసార్లూ లేచాడు. పోయిన వారం రక్తం కుర్రాడి రక్తంలా ఉంది. మూలకణాలు ఎన్నడూ దెబ్బ తిననట్టున్నాయి. పదిహేనేళ్ళుగా నేను వెతుకుతున్నది అదే."

ఆవిడ కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు రోహిణికి నచ్చలేదు.

"అతన్ని ఎప్పుడైనా చూశారా?"

"నేను స్లైడ్లు చూస్తాను. మనుషుల్ని చూసే పని కిందివాళ్ళది." లేచి చీర సర్దుకుంది. "బుధవారం పొద్దున కుమ్హారిలో పాత డెయిరీ. శరత్ అనే కొరియర్ మోటార్‌సైకిల్ మీద తెస్తాడు. అక్కణ్ణుంచి కారు మారి రాయ్‌పూర్ ఎయిర్‌పోర్టుకి. పట్టుకోండి మరి."

*

మర్నాడు పొద్దున పెరటి గోడవతల ఎవరో ఆగకుండా ఉమ్ముతున్న చప్పుడయింది. రోహిణి గోడమీంచి చూసింది.

రాజాబాబు కుళాయి దగ్గర కూర్చుని ఉన్నాడు. చేతిలో బ్రష్షు. నోట్లోంచి వచ్చే నురగ ఎర్రగా ఉంది. బనీను కింద చేతులమీద, మెడమీద ఊదారంగు మచ్చలు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి లేవడానికి కుళాయి గొట్టం పట్టుకున్నాడు. సత్యలక్ష్మి వచ్చి చంకకింద చెయ్యివేసి లేపింది.

కుర్రాడి రక్తంలా ఉందన్న మాట రోహిణి చెవిలో తిరిగింది.

నల్లపూసలు తీసి దిండుకింద పెట్టి, పక్కింట్లోకి వెళ్ళింది.

"సత్యలక్ష్మీ, పోయిన వారం కంపెనీవాళ్ళు తీసిన మీ ఆయన రక్తం బ్రహ్మాండంగా ఉందట. మరి ఇదేమిటి?"

సత్యలక్ష్మి మొహం పాలిపోయింది. "నువ్వు కంపెనీ మనిషివేటక్కా?"

"కాదు. వాళ్ళని పట్టుకోడానికి వచ్చినదాన్ని. నా అసలు పేరు మీనాక్షి కూడా కాదు."

"ఆ తోడడిగిన పిల్లని సూసినప్పుడే అనుకున్నాను, ఇదేదో గవర్మెంటు యవ్వారమని."

అప్పుడే స్నానంచేసి తువ్వాలుతో తల తుడుచుకుంటూ రాజేంద్ర వచ్చాడు. రోహిణి చూపు మంచంమీద ఉన్నవాడి మీదనుంచి గుమ్మంలో నిలబడ్డవాడి మీదకి వెళ్ళి, మళ్ళీ మంచం మీదకి వచ్చింది. అదే ముక్కు, అదే మీసం, అదే నుదురు. మధ్యలో నాలుగేళ్ళు, ఐదు రేడియేషన్లు.

"కంపెనీ మెడికల్ పరీక్షకి ఎవరు వెళ్తున్నారు?" అని అడిగింది.

"వదినా, చుప్!" అన్నాడు రాజేంద్ర.

"ఇంకా చుప్పేటిరా? మీ అన్న నోట్లోంచి రగతం కారతంటే!" సత్యలక్ష్మి కొంగుతో కళ్ళొత్తుకుంది. "పనిమీదకి ఈయనెల్తారక్కా. సూది మీదకి ఆడెల్తాడు. రగతం తక్కువుందని తెలిస్తే పన్లోంచి తీసెత్తారు కదా. మాలాటోళ్ళు సానామంది ఇదే సేత్తారు."

"సబ్ కర్తే హై, దీదీ," అన్నాడు రాజేంద్ర తల వంచుకుని. "మెడికల్ పాసవ్వాలి కదా. భయ్యా కమ్‌జోర్‌గా ఉంటే నేనెళ్ళి చెయ్యి చాపుతా. మాస్కు, టోపీ. గేటుపాసు ఫోటో ఏ జమానాదో. వాళ్ళకి మేమంతా ఒకేలా కనిపిస్తాం. మొన్న నడుం దగ్గర సూది పొడిచింది కూడా నాకే."

రోహిణి కుర్చీలో కూర్చుండిపోయింది. ఐదుసార్లు కాలినవాడు ఒకడు. ప్రతిసారీ కోలుకున్నట్టు కనిపించినవాడు, అసలు కాలనేలేదు. విదేశాల్లో ఎవరెవరో తెల్లబోర్డుల మీద గీసుకున్న అద్భుతమంతా, పన్లోంచి తీసేస్తారన్న భయంతో ఒక అన్న తమ్ముణ్ణి మెడికల్‌కి పంపడం. దీనికోసమే యజ్ఞనారాయణ పోయాడు. దీన్ని నమ్మి ఇంకెంతమందికి ఆ మాత్ర మింగిస్తారో.

"ఆస్పత్రిలో ఏమన్నారు?"

"రాయ్‌పూర్‌లో సుబ్రమణ్యం డాక్టరుగారు సూసేరు. మజ్జంతా ఎండిపోయింది, ఇంకోళ్ళది ఎక్కించాలన్నారు. మరిదిది కలవనేదు. బయటోళ్ళది దొరికేతలికి నెలలు పడద్దంట." ఆమె గొంతు తగ్గించింది. "ఈయనకి అన్ని నెలల్నేవంట."

మంచంమీంచి రాజాబాబు నవ్వడానికి ప్రయత్నించాడు. "ఊరుకోయే. వొచ్చినోళ్ళకి టీ అయినా ఇయ్యకుండా..."

రోహిణికి ఇంకో ప్రశ్న మిగిలింది. "పనిలో చేరకముందు, మొట్టమొదట తీసింది ఎవరి నుంచి?"

"అప్పుడీయన్నుంచే. నేను పక్కనే ఉన్నాను. ముందు కొన్ని రోజులు ఇంజీసన్లిచ్చేరు. ఎముకలన్నీ ఒకటే నొప్పులు. ఆ తరవాత రెండు చేతులికీ సూదులెట్టి మిసనుకి కట్టీసేరు. పూటంతా రగతం అందులోకెళ్ళి మళ్ళీ ఒంట్లోకొచ్చింది."

"బయటివాళ్ళది అక్కర్లేదు సత్యలక్ష్మీ," అంది రోహిణి నెమ్మదిగా. "దెబ్బ తినకముందు తీసిన ఇతని మూలకణాలే ఇంకా ఉన్నాయి. బుధవారం అవి దేశం దాటి పోతున్నాయి."

సత్యలక్ష్మికి అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక రోహిణి చెయ్యి పట్టుకుంది. "తెచ్చీ అక్కా. ఎలాగోలా తెచ్చీ. ఈ మెడికల్ సంగతి మాత్రం ఎవులికీ సెప్పకు. పాసు పోద్ది. మోసం కేసెడతారు, మరిది జైలుకెల్తాడు."

రోహిణి మాటిచ్చింది. ఇంటికొచ్చి ఢిల్లీకి ఫోన్ చేసింది.

"సార్, మొదటి డబ్బా ఒక మనిషి ప్రాణం. దొరికితే ఆస్పత్రికి పంపడానికి పర్మిషన్ కావాలి."

"అది ఎవిడెన్స్. సీలువేసి ఢిల్లీకి. లేకపోతే పగలగొట్టు. మూడో దారి లేదు."

"సీలువేసిన గదిలో నైట్రోజన్ ఎవరు పోస్తారు సార్?"

"అది స్టోర్స్ వాళ్ళ సమస్య."

రెండో ఫోన్ డాక్టర్ సుబ్రహ్మణ్యానికి చేసింది. ఆయన అంతా విన్నాడు. "గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే తీసుకురండి. కరిగినవి తేవద్దు. ఎక్కడివని నేను అడగను," అన్నాడు.

*

కుమ్హారి డెయిరీలో బుధవారం పొద్దున పాల వ్యాను వెళ్ళిపోయాక గేదెలూ ఈగలూ మిగిలాయి. రోహిణి తెల్లకోటు వేసుకుని పశువుల ఆస్పత్రి నర్సు అవతారమెత్తింది. గేదెలకి టీకాలని చెప్పి పనివాళ్ళని వెనక పాకలోకి పంపించింది.

శరత్ వచ్చాడు. మోటార్‌సైకిల్ వెనక గోనెపట్టా చుట్టిన నైట్రోజన్ క్యాన్. పశువుల డాక్టర్లు ఎద్దు వీర్యాన్ని ఊరూరా మోసుకెళ్ళేది అలాంటి వాటిలోనే. దారిలో ఏ పోలీసు ఆపినా నవ్వి వదిలేస్తాడు.

"కారు ఇంకా రాలేదా?" అన్నాడు.

"వస్తోంది భయ్యా. ముందు దించు," అని సాయం పట్టింది రోహిణి. క్యాన్ నేలకి ఆనగానే గాజులోని సూది అతని ముంజేతిలో దిగింది. గడ్డివాము మీద పడి గురకపెట్టాడు.

"బాగుంది. అక్కడే పెట్టు."

గుమ్మంలో లక్ష్మీప్రసన్న. నెమలికంఠం రంగు పట్టుచీర. చేతిలో చిన్న పిస్తోలు.

"డెయిరీకి పట్టుచీరా?" అంది రోహిణి.

"ఫ్లైటుకి. అవతల నన్ను రిసీవ్ చేసుకోడానికి పెద్దవాళ్ళు వస్తున్నారు."

"కుమ్హారి సంగతి నువ్వే చెప్పావుగా."

"శరత్‌ని నువ్వు పడగొడతావని చెప్పాను. ఫ్లాస్కు ఇక కంపెనీది కాదు, మీదీ కాదు. నాది."

"యజ్ఞనారాయణది గుండెపోటు కాదు కదా?"

"నా సంగతి పసిగట్టాడు, మెడమీద చిన్న సూది. సారీ భయ్యా అని చెప్పాను కదా." ప్రసన్న పెదవులు బిగిశాయి. "పదిహేనేళ్ళు పనిచేశాను. నా స్లైడ్లమీద వేరేవాళ్ళు పేరు రాసుకున్నారు. ఈ ఒక్కటీ నా పేరుతో వెళ్తుంది."

రోహిణి నాలుక చివరిదాకా నిజం వచ్చింది. నీ ఏడో నంబరు ఇద్దరు మనుషులు, నీ అద్భుతం వట్టిది. చెప్తే ఈవిడ ఏం చేస్తుంది? ఫ్లాస్కుని కాలితో తన్నేస్తుంది. విలువైనదనుకున్నంతసేపే అది చల్లగా ఉంటుంది. నోరు మూసుకుంది.

చెవిదిద్దులో చీఫ్ గొంతు గరగరలాడింది. "అంతా వింటున్నాను. పగలగొట్టు రోహిణీ. దిసీజ్ యాన్ ఆర్డర్."

రోహిణి మెడలోని నల్లపూసలు తెంపి దాణా తొట్టిలోకి విసిరింది. గేదె ఒకసారి మూతి ఆడించి గడ్డితో పాటు నోట్లోకి లాక్కుంది.

ప్రసన్న చూపు అటు మళ్ళింది. ఆ ఒక్క క్షణంలో రోహిణి క్యాన్ ఎత్తుకుని స్తంభం వైపు దూకింది. పిస్తోలు పేలింది.

దెబ్బ రోహిణికి తగల్లేదు. బుస్సుమని చప్పుడయింది. క్యాన్ పొట్టలోంచి తెల్లటి పొగ చిమ్ముకొచ్చి నేలమీద పాకింది.

"అయ్యో! నా కణాలు!" ప్రసన్న పిస్తోలు వదిలేసింది. "కరిగిపోతాయి! ఇంకో క్యాన్ ఉందా?"

"ఆ మూల! డెయిరీవాళ్ళ పెద్ద నైట్రోజన్ జాడీ!"

స్టవ్‌మీద పాలు పొంగుతుంటే పదేళ్ళుగా మాటల్లేని అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకేసారి పరిగెత్తినట్టు పరిగెత్తారు. రోహిణి జాడీ మూత పీకింది. ప్రసన్న పొగలో చెయ్యిపెట్టి ‘1’ అని చెక్కిన మొదటి డబ్బా బయటికి లాగింది. తొడుగుల్లేవు. వేళ్ళ చర్మం స్టీలుకి అంటుకుపోయింది. అరిచింది గాని వదల్లేదు. జాడీ మూతి ఇరుకు. డబ్బా అడ్డం పడింది.

"నిలువుగా తిప్పు!" అంది రోహిణి.

"తిరగట్లేదు!"

డబ్బా అంచున మంచుపొర తడిసి మెరవడం మొదలుపెట్టింది. రోహిణి తన కోటు అంచుతో పట్టుకుని మూలగా వంచి, అరచేత్తో గట్టిగా నొక్కింది. డబ్బా గీసుకుంటూ జారి, నైట్రోజన్‌లో మునిగింది. తెల్లగా ఒక పొంగు వచ్చి అణిగింది.

రెండో డబ్బా కోసం ప్రసన్న వెనక్కి తిరిగింది. పిస్తోలు అప్పటికే రోహిణి చెప్పుకింద ఉంది.

గేదెని కట్టే పలుపుతో స్తంభానికి కట్టేశాక, రోహిణి ఆవిడకి నిజం చెప్పింది. అన్న పనిమీదకి, తమ్ముడు సూది మీదకి.

ప్రసన్న ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. వెంటనే నమ్మింది. పాత క్యాన్ పక్కన కరుగుతున్న రెండో డబ్బా వంకే చూస్తూ ఉండిపోయింది.

"మెడికల్‌కి తమ్ముణ్ణి పంపారా," అంది చివరికి. "ఒక్కసారి మొహం చూసి ఉంటే నాకే తెలిసేది."

రోహిణి జాడీని ఆటోలో ఎక్కించుకుని రాయ్‌పూర్ దారి పట్టింది. ఢిల్లీ టీమ్ వచ్చేసరికి డెయిరీలో కట్టేసిన డాక్టరు, గురకపెడుతున్న కొరియరు, చిల్లుపడ్డ క్యాను, ఒక తడి డబ్బా ఉన్నాయి. షెడ్డుకి ఆ సాయంత్రమే తాళం పడింది. రోహిణి రిపోర్టులో రాసింది: కాల్పుల్లో ఫ్లాస్కు ధ్వంసమైనది. మొదటి డబ్బా దక్కలేదు. రెండోది స్వాధీనం చేసుకోవడమైనది.

*

సుబ్రహ్మణ్యం గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, ఆ చిన్న సంచిని రాజాబాబు నరంలోకి ఎక్కించాడు. గదంతా వెల్లుల్లి వాసన వేసింది. అది కణాల్ని కాపాడే మందు వాసనని చెప్పాడు.

"ఇంతేనా?" అంది సత్యలక్ష్మి కిటికీ అద్దంలోంచి చూస్తూ. "ఎముకలోకి ఎక్కించొద్దేటి?"

"వాటి ఇల్లు వాటికి తెలుసమ్మా. రక్తంలో తిరుగుతూ ఎముకని అవే వెతుక్కుంటాయి. ఇక ఎదురుచూడటమే."

ఎదురుచూశారు. జ్వరాలు వచ్చాయి, నోరంతా పూసింది, తెల్లకణాల లెక్క సున్నాకి పడి అక్కడే కూర్చుంది. సత్యలక్ష్మి వరండాలో నిద్రపోవడం నేర్చుకుంది. తరవాత ఒక పొద్దున లెక్క వందయింది. ఇంకొన్నాళ్ళకి ఐదొందలు దాటింది. రాజాబాబు పక్కమీద లేచి కూర్చుని ఇడ్లీ అడిగాడు, అల్లం పచ్చడితో.

"పచ్చడి పెట్టరంట. సప్పిడిడ్లీ తిను," అంది సత్యలక్ష్మి. ఆ మాట అంటూ గోడవైపు తిరిగిపోయి ఏడ్చింది.

రోహిణి ఆ కబురు ఫోన్‌లో విన్నప్పుడు ఢిల్లీలో చీఫ్ గది బయట బెంచీమీద ఉంది. లోపలికి పిలిచారు.

ఈసారి చీఫ్ రెండు టీలు తెప్పించాడు. రోహిణికి అనుమానం వేసింది.

"మంచి వార్త. ఏడో నంబరు లేచి కూర్చున్నాడట కదా?"

"మన మాండేట్‌లో లేడన్నారు సార్."

"ఇప్పుడున్నాడు. చచ్చిపోవలసినవాడు లేచాడు. ఫ్లాస్కు పోయిందని నువ్వే రాశావు. మరి ఎలా లేచాడు? అంటే మందు పనిచేస్తుందన్నమాట." చీఫ్ మొహం వెలిగిపోతోంది. "పైన చాలా ఇంట్రెస్టుగా ఉన్నారు. మన సైన్యం కుర్రాళ్ళమీద చిన్న ట్రయల్. మొదట పన్నెండుమంది. డాక్టర్ లక్ష్మీప్రసన్నతో మాట్లాడాం. కేసు నెమ్మదిస్తుంది, ల్యాబ్ ఇస్తాం, పేపర్లమీద ఆవిడ పేరే ఉంటుంది. ఒప్పుకుంది."

"మందు పనిచెయ్యదని ఆవిడకి తెలుసు సార్."

"ఆవిడ అలా అనలేదే."

రోహిణి టీ ముట్టుకోలేదు. సత్యలక్ష్మికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఒకవైపు ఒక ఇంటి గేటుపాసు. ఇంకోవైపు ఎవరి మొహాలూ ఎవరూ చూడని పన్నెండుమంది. బలానికని చెప్పి మింగిస్తారు. మాట తప్పడానికే నిశ్చయించుకుంది.

అంతా చెప్పింది. అన్న పనిమీదకి వెళ్ళాడు, తమ్ముడు సూది మీదకి వెళ్ళాడు. మొదటి డబ్బా పోలేదు, తనే దొంగిలించింది. రాజాబాబుని లేపింది మాత్ర కాదు, మాత్ర ముట్టుకోకముందటి అతని సొంత కణాలే. రిపోర్టు అబద్ధం. కావాలంటే రెండో డబ్బాలో కణాల్ని రాజేంద్ర రక్తంతో పోల్చి చూడండి.

"రెండో డబ్బా స్టోర్స్‌లో ఉంది," అన్నాడు చీఫ్.

"నైట్రోజన్‌లోనా?"

"బీరువాలో." ఆయన ఆమె వంక జాలిగా చూశాడు. "రోహిణీ, నువ్వు అలిసిపోయావు. ఒక మనిషి బదులు ఇంకో మనిషి వెళ్తే, అంత పెద్ద సంస్థ, అంతమంది శాస్త్రవేత్తలు కనుక్కోలేకపోయారంటావా? పెరుగు తోడు కథ నయం దీనికన్నా. నెల్రోజులు సెలవు తీసుకో."

ఆఫీసులో చేరిన నాటి నుంచీ రోహిణి పైవాళ్ళకి ఎన్నో రిపోర్టులు రాసింది. అందరూ అన్నీ నమ్మారు. ఒక్క అక్షరం కూడా దాచకుండా నిజం చెప్పింది ఈ ఒక్కసారే. దానికి సెలవు మంజూరైంది.